మీగడ కింద

కాల్గూర్లీలో, ల్యాబు వెనక గదిలో
నా భుజం ఎత్తున ఒక గాజుగొట్టం.
అందులో ఉన్నదాన్ని బురద అనకండి.
బంగారం లాగేసుకున్నాక మిగిలిన రాయి అది.
పిండికన్నా మెత్తగా నలిగి
ఉప్పునీళ్లలో తేలుతూ
ఎక్కడ కూర్చోవాలో తెలియని రాయి.

మొదట్లో గబగబా దిగుతుంది.
పైన తేట, కింద మడ్డి,
మధ్యన దారం కట్టినట్టు ఒక అంచు.
ఆ అంచును స్కేలు మీద చదవడమే నా పని.
ఎనిమిదింటికి తొంభై ఒకటి. తొమ్మిదింటికి డెబ్బై నాలుగు.
నాలుగు చుక్కల మందు పడితే
రేణువులు చేతులు పట్టుకుని గుంపుగా దిగుతాయి.
మా హాస్టల్లో రాజవ్వ
బిందె లోపల చిల్లగింజ అరగదీసేది, ఇందుకే.
ఆమెకు సమీకరణంతో పనిలేదు,
పొద్దున్నే ఎనభై మందికి తేటనీళ్లు కావాలి.

అసలు సంగతి ఆ తర్వాత.
రేణువు మీద రేణువు ఆనాక
కూర్చోవడం అయిపోయి, అణగడం మొదలవుతుంది.
ఈ రెండు మాటలకీ తేడా ఉంది.
నా జీతమంతా ఆ తేడాకే.
కూర్చోవడానికి బరువుంటే చాలు.
అణగాలంటే నీరు బయటికి పోవాలి,
పోవడానికి సందు కావాలి,
అణిగేకొద్దీ
ఆ సందే మూసుకుపోతుంది.
మందం రెట్టింపైతే కాలం నాలుగింతలు.

ఊరి బయట ఐదో నంబరు డ్యాము.
కట్ట లోపల బూడిదరంగు మైదానం,
ఎండకు పెచ్చుకట్టి, బీటల అంచున ఉప్పు మెరుస్తూ.
ట్రెన్‌గ్రౌస్ అక్కడ పందొమ్మిదేళ్లుగా పైపుల మనిషి.
కార్న్‌వాల్‌లో తగరం గని మూతపడితే
వాళ్ల ముత్తాత ఓడెక్కాడట.
పెచ్చు మీదికి ఒక రాయి విసిరాడు.
రాయి నిలిచింది.
పది అడుగుల అవతల
నేల నిద్రలో పక్కకు తిరిగినట్టు కదిలింది.
"జెల్లీ" అన్నాడతను.
నాకు మీగడ అనిపించింది.
వేలు పెడితే ముడతపడుతుంది,
కింద పాలు పాలలాగే ఉంటాయి.

ఈ మార్చికి రెండు మీటర్ల పది దిగాలని నా మోడల్.
కొలిస్తే మీటరున్నర.
ఆ అరవై సెంటీమీటర్లూ ఎక్కడికీ పోలేదు.
నీళ్లై లోపలే ఉన్నాయి,
రాయి మోయాల్సిన బరువును
తామే మోస్తూ.

నెల రోజులు వెతికాను.
గొట్టంలో నిజమైనది అక్కడెందుకు అబద్ధమైందని.
చివరికి పాత లాగ్‌బుక్కులో ఒకే ఒక్క లైను:
ఆరేళ్ల కిందట, మూడు నెలలపాటు,
గని పైపొరల నుంచి జిగటమన్ను కలిసిన రాయి.
ఆ లైను ఇప్పుడు పదకొండో మీటరు దగ్గర
చాప పరిచినట్టు పడుకుని ఉంది,
కింది నీటిని పైకి రానివ్వకుండా.

డెల్ఫీన్ హాకెట్‌కి కట్ట ఇంకో మూడు మీటర్లు లేపాలి,
లోపలివైపు జరుపుతూ, ఆ మీగడ మీదే.
మర్యాదగానే అడిగింది:
నీరు ఊరే వేగం అంకె కొంచెం పెంచి చూడొచ్చు కదా?

చూడొచ్చు.
ఏ అంకె కదిపితే ఏ జవాబొస్తుందో
నాకన్నా బాగా ఎవరికి తెలుసు.
చుక్కను ఒక్క గడి కుడికి జరిపితే
డ్యాము వచ్చే ఏడాదికే గట్టిపడుతుంది,
నా తెర మీద.

పన్నెండేళ్లు, అన్నాను.
ఆమె పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది.
"పన్నెండా?"
కిటికీ అవతల లారీలు పోతూనే ఉన్నాయి,
ప్రతి లారీలో రేపటి బురద.
ఇంకో చోటు వెతకాలి, డబ్బు వెతకాలి,
నన్ను కాక ఇంకొకర్ని కూడా వెతుకుతారేమో.
సంతకం చేసింది మాత్రం పన్నెండు కిందే.

సాయంత్రం ట్రెన్‌గ్రౌస్
పైపు నోటిని ఆరో నంబరు వైపు తిప్పుతూ
దూరం నుంచే చెయ్యెత్తాడు.
నేను ల్యాబుకి వచ్చి లైటు వేశాను.
గొట్టంలో రెండు వందల పన్నెండో రోజు.
నిన్న ముప్పై ఎనిమిది పాయింట్ నాలుగు.
కన్ను ఆనించి చాలాసేపు చూశాను,
వెంట్రుకవాసి దిగిందనిపించింది, లేదనిపించింది.
అదే అంకె రాశాను.
తేదీ మార్చాను.